కరెంటు పోతే వేడి ఎటు పోతుంది? ఏ రియాక్టర్ ఎలా చల్లబడుతుంది, మన దిక్కుకు ఏది నయం

దామరచర్ల దాటి వీర్లపాలెం దిక్కు పోతుంటే యాదాద్రి థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్ల మీద తెల్లగా ఆవిరి లేస్తూ కనిపిస్తుంది. మొన్న బండి మీద నా వెనక కూర్చున్న మా బావ దాన్ని చూసి "అణు పొగ అంటే గిదేనా బామ్మర్దీ?" అన్నాడు. అది బొగ్గు ప్లాంటు బావా, పైన లేచేది పొగ కూడా కాదు, నీళ్ళు చల్లారేటప్పుడు వచ్చే ఆవిరి, అణు ప్లాంటు పక్కన టవర్లు ఉంటే వాటిలోంచి వచ్చేదీ ఇదే అని చెప్పా. నమ్మినట్టు కనపడలేదు. ఆయనది దేవరకొండ దిక్కు ఊరు. లంబాపురం, పెద్దగట్టు యురేనియం గనుల గొడవ నడిచినప్పటి నుంచి ఆ మాట ఎవరెత్తినా ఊరుకోడు. 2019 సెప్టెంబర్‌లో నల్లమలలో తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేసినప్పుడు ఊర్లో మిఠాయి పంచిన మనిషి.

చాయ్ తాగుతూ అసలు ప్రశ్న వేశాడు. "తవ్వొద్దన్నాం, సరే. రేపు ఎవడో వచ్చి కృష్ణ ఒడ్డున ప్లాంటే పెడతా అంటే? అన్నీ ఒకటేనా, లేకపోతే వీటిలో కూడా మంచీ చెడూ ఉన్నాయా?" ఉన్నాయి, బాగానే ఉన్నాయి. ఇక్కడ పెడుతున్నారని నేను అనడం లేదు, ప్రశ్న మాత్రం మంచిది, ఎందుకంటే మన దగ్గర ఈ ముచ్చట వచ్చిందంటే "అణు" అన్న ఒక్క మాట దగ్గరే అందరూ ఆగిపోతారు, అసలు తేడా మొత్తం లోపలి వేడిని బయటికి ఎవరు మోస్తారు అన్న దగ్గర ఉంటే దాన్ని ఎవరూ అడగరు.

నేను ఇంజనీర్‌ని కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బాయిలర్ల దగ్గర పెరిగినవాణ్ణి, ఇప్పటికీ ఫీడ్ పంపులు, వాల్వులు బాగుచేసే పనే. రియాక్టర్ల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు సగం సంగతులు తెలిసినవే అనిపించాయి, ఎందుకంటే రియాక్టర్ అంటే చివరికి ఒక బాయిలరే. ఊక బదులు యురేనియం. కాకపోతే ఒక్క తేడా ఉంది, దాన్ని చెప్పాలంటే మిల్లులో జరిగిన ఒక రాత్రి సంగతి చెప్పాలి.

అప్పటికి నేను హెల్పర్‌ని. ధాన్యం ఉడుకుతోంది, గేజీలో ప్రెషర్ పది కిలోలు. కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఫీడ్ పంపు ఆగింది, జనరేటర్ ఎన్నిసార్లు తిప్పినా అందుకోలేదు. పొయ్యిలో ఊక నిప్పు మాత్రం అలాగే కణకణలాడుతోంది, నీళ్ళ గ్లాసులో మట్టం కళ్ళ ముందే కిందికి జారుతోంది. మా అటెండెంట్‌ని అందరం కాకా అనేవాళ్ళం. కాకా ముందు మెయిన్ స్టీమ్ వాల్వు కట్టేశాడు, పొయ్యి తలుపులు తెరిచాడు, పొడుగు ఇనుప పార తీసుకుని నిప్పునంతా బయటికి లాగేశాడు. సేఫ్టీ వాల్వు చెవులు పగిలేలా కూస్తోంది. నేను కంగారులో బకెట్ల నీళ్ళు తెస్తానంటే ఒక్క అరుపు అరిచాడు, గ్లాసులో మట్టం పోయాక కాలిన ట్యూబుల మీద చల్లనీళ్ళు పడితే మిల్లే ఉండదురా అని. పావుగంటలో సద్దుమణిగింది.

రియాక్టర్‌లో చేయలేని పని అదే. నిప్పును బయటికి లాగడం కుదరదు. కంట్రోల్ రాడ్లు దించితే యురేనియం పరమాణువులు పగలడం సెకన్లలో ఆగిపోతుంది, అది ఏ రకం రియాక్టర్‌లోనైనా తేలికే. కానీ అప్పటికే పగిలిన ముక్కలు ఇంకా కుదురుకోవాలి, అవి కుదురుకుంటూ వేడి వదులుతూనే ఉంటాయి, దాన్ని ఏ స్విచ్ ఆపలేదు. ఆపిన క్షణంలో ఈ వేడి మామూలుగా నడిచేటప్పుడు ఉన్నదాంట్లో 6 నుంచి 7 శాతం, గంటకు ఒకటిన్నర శాతం, రోజుకు అర శాతం దాకా వస్తుంది. వినడానికి చిన్న అంకెలే. మన దేశంలో కట్టే 700 మెగావాట్ల యూనిట్ తీసుకుంటే లోపల పుట్టే వేడి 2,100 మెగావాట్ల పైమాట, కాబట్టి ఆపిన క్షణంలో మిగిలే వేడే దాదాపు 140 మెగావాట్లు, అంటే శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో ఒక యూనిట్ ఇచ్చేంత. ఒక రోజు గడిచాక కూడా 10 మెగావాట్లు. ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు రెండున్నర వేలు ఒకేసారి నడిస్తే ఎంతో అంత.

ఇంకోలా చూడండి. ఆ 10 మెగావాట్లను నీళ్ళు మరిగించే వదిలించుకోవాలంటే గంటకు 14, 15 వేల లీటర్లు చాలు. మూడు ట్యాంకర్లు. ఎండాకాలం మన కాలనీలకు వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లే. 2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు చెప్పినట్టే ఆగాయి, ముప్పావుగంట దాటాక సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచేసింది, ఆ తర్వాత ఈ మాత్రం నీళ్ళను అవసరమైన చోటికి, అవసరమైన టైముకు పంపలేకపోవడమే మొత్తం కథ. మట్టం తగ్గి ఇంధనం గొట్టాలు బయటపడ్డాయి, వాటి జిర్కోనియం లోహం కాగి ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టించింది, భవనాల కప్పులను లేపేసింది అదే.

అందుకే నా కొలబద్ద ఒక్కటే. కరెంటు మొత్తం పోయింది అనుకో, పంపులేవీ తిరగవు అనుకో, ఎంతసేపు తట్టుకుంటుంది, ఎవరి సాయంతో?

ఒక సంగతి ముందే విడమర్చి చెప్పుకుంటే మిగతాది తేలిక. "కూలింగ్" అని అందరూ అనేది రెండు వేరు వేరు పనుల గురించి. ఒకటి ఇంధనం నుంచి వేడి తీసుకునేది, అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంది, నీళ్ళు కావచ్చు, భారజలం కావచ్చు, సోడియం కావచ్చు, గ్యాస్ కావచ్చు. రెండోది టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని కండెన్సర్‌లో మళ్ళీ నీళ్ళుగా మార్చేది, దానికి నదో సముద్రమో టవరో కావాలి. మొదటిది ప్రమాదం సంగతి, రెండోది మన చెరువుల సంగతి. ఇవి రెండూ కలగాపులగం చేసి మాట్లాడేవాళ్ళతో వాదన ఎప్పటికీ తెగదు.

మొదట అన్నిటికన్నా సింపుల్‌ది, మరిగే నీటి రియాక్టర్. నీళ్ళు రియాక్టర్‌లోనే మరిగి, అదే ఆవిరి నేరుగా టర్బైన్‌కు పోతుంది, మధ్యలో ఇంకో చుట్టు లేదు. మా మిల్లు బాయిలర్‌కు దగ్గరి చుట్టం. ప్రెషర్ దాదాపు 70 కిలోలు. మన తారాపూర్‌లో 1969 నుంచి ఉన్న మొదటి రెండు యూనిట్లు ఇవే, ఫుకుషిమావీ ఇవే. చౌక, పరికరాలు తక్కువ. ఇబ్బంది ఏమిటంటే ఇంధనాన్ని తాకిన నీళ్ళే ఆవిరై టర్బైన్ దాకా వస్తాయి కాబట్టి నడిచేటప్పుడు టర్బైన్ హాలు కూడా రేడియేషన్ ఉన్న చోటే, రిపేర్ అంటే ప్రతిదానికీ లెక్క. ఇప్పుడు పాత డిజైన్ ఎవరైనా ఎక్కడైనా కడతామంటే నేను వద్దనే అంటాను.

రెండోది ప్రెషర్ నీటి రియాక్టర్, ప్రపంచంలో ఎక్కువ ఉన్నవి ఇవే. ఇక్కడ నీళ్ళను మరగనివ్వరు. 155 వాతావరణాల (ఒక వాతావరణం అంటే దాదాపు ఒక కిలో) ప్రెషర్ పెట్టి 320 డిగ్రీల దగ్గర కూడా నీళ్ళను నీళ్ళుగానే ఉంచుతారు (కాకా బాయిలర్‌లో పది కిలోలకే సేఫ్టీ వాల్వు కూసింది, దానికి పదిహేను రెట్లు అన్నమాట). ఈ వేడి నీళ్ళు స్టీమ్ జనరేటర్ అనే పెద్ద పాత్రలో ట్యూబుల గుండా పోతాయి, ట్యూబుల బయట ఉన్న వేరే నీళ్ళు మరిగి టర్బైన్‌కు పోతాయి. రెండు చుట్లు కలవవు కాబట్టి టర్బైన్ శుభ్రం. కూడంకుళంలో నడుస్తున్న రెండు వెయ్యి మెగావాట్ల యూనిట్లు ఈ జాతివే, రష్యా డిజైన్. వీటి స్టీమ్ జనరేటర్లు అడ్డంగా పడుకోబెట్టి ఉంటాయి, నీళ్ళ నిల్వ ఎక్కువ, పంపు ఆగితే ఆ నిల్వే కొంత టైము ఇస్తుంది. పైగా కరెంటు పూర్తిగా పోయినా ఆవిరి తనంతట తాను పైకెక్కి, గోడ బయట గాలికి చల్లబడి, నీరై మళ్ళీ కిందికి దిగే ఏర్పాటు ఉంది. శ్రీకాకుళం కొవ్వాడలో పెట్టాలనుకుంటున్న అమెరికా డిజైన్‌లో ఇంకో పద్ధతి, భవనం నెత్తి మీదే పెద్ద నీళ్ళ ట్యాంకు, పంపు లేకుండా కిందికి జారి మూడు రోజులు చల్లబరుస్తుంది. మన ఇళ్ళ మీద సింటెక్స్ ట్యాంకు ఎందుకు పెడతామో ఇదీ అందుకే.

లోపం లేదా అంటే ఉంది. ప్రెషర్ అంత ఎక్కువ కాబట్టి ఎక్కడైనా చిల్లు పడితే నీళ్ళు క్షణాల్లో ఆవిరైపోతాయి. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్‌లో ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు, కంట్రోల్ రూమ్‌లో లైటు మాత్రం మూసుకున్నట్టే చూపించింది, లోపల నీళ్ళు నిండుగా ఉన్నాయనుకుని ఆపరేటర్లు ఎమర్జెన్సీ నీళ్ళను తగ్గించేశారు, ఇంధనంలో సగానికి దగ్గరగా కరిగిపోయింది. గ్లాసులో మట్టం కళ్ళతో చూసిన కాకాకు ఉన్న సుఖం వాళ్ళకు లేదు. ఇంకొకటి, దీనికి శుద్ధి స్థాయి పెంచిన, అంటే తేలిగ్గా పగిలే రకం పాళ్ళు పెంచిన యురేనియం కావాలి, కూడంకుళానికి అది రష్యా నుంచి వస్తుంది.

మూడోది మనది. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే కృష్ణ ఒడ్డున ఎప్పుడైనా ఏదైనా వస్తే ఇదే వస్తుంది. మ్యాప్ తీసి చూడండి: రావత్‌భాటా చంబల్ నది మీద రాణాప్రతాప్ సాగర్ పక్కన, కైగా కాళీ నది కద్రా రిజర్వాయర్ పక్కన, నరోరా గంగ పక్కన, హర్యానాలో గోరఖ్‌పూర్ భాక్రా కాలువ పక్కన. సముద్రానికి దూరంగా రిజర్వాయరో కాలువో ఉన్న చోటల్లా భారజలం రియాక్టరే, విదేశీ డిజైన్లు సముద్రం ఒడ్డునే. నాగార్జున సాగర్ పక్కన అనగానే ఏ బొమ్మ గీస్తారో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

భారజలం అంటే హైడ్రోజన్ స్థానంలో దాని బరువు రకం ఉన్న నీళ్ళు. మామూలు నీళ్ళు న్యూట్రాన్లను (యురేనియాన్ని పగలగొట్టే కణాలను) కాస్త మింగేస్తాయి, ఇవి మింగవు, కాబట్టి గనిలోంచి తీసిన యురేనియాన్ని శుద్ధి స్థాయి పెంచకుండానే వాడుకోవచ్చు. మన ప్రాంతానికి ఇందులో చుట్టరికం ఉంది, భారజలం మణుగూరులో గోదావరి నీళ్ళ నుంచి తీస్తారు, ఇంధనం కట్టలు హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. అర మీటరు పొడుగు ఉండే కట్ట, చెరుకు ముక్కల మోపులా సన్నటి గొట్టాలను కలిపి కట్టినట్టు ఉంటుంది.

లోపలి అమరిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఒక్క పెద్ద ప్రెషర్ కుండ ఉండదు. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము, దాని గుండా వందల గొట్టాలు, 220 మెగావాట్ల దాంట్లో 306, 700 దాంట్లో 392. ఒక్కో గొట్టంలో ఇంధనం కట్టలు వరుసగా పేర్చి ఉంటాయి, వాటి మీదుగా వేడి భారజలం 90, 100 కిలోల ప్రెషర్‌లో పరుగెడుతుంది. గొట్టాల బయట డ్రమ్ములో ఉండేది వేరే భారజలం, చల్లగా, దాదాపు ప్రెషర్ లేకుండా. ఆ డ్రమ్ము చుట్టూ ఇంకో గదినిండా మామూలు నీళ్ళు. అంటే మెయిన్ కూలింగ్ పోయినా ఇంధనం చుట్టూ రెండు నీళ్ళ నిల్వలు అక్కడే ఉంటాయి, ఎవరూ పంపు వేసి తేవక్కర్లేదు. అవి కూడా మరిగి తగ్గుతాయి, కాకపోతే అందుకు గంటలు పడుతుంది, ఆ గంటలే కావలసింది.

ఇది కాగితం మీద మాట కాదనడానికి సాక్ష్యం నరోరా. 1993 మార్చి 31న అక్కడ మొదటి యూనిట్‌లో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని, మంటలు కేబుళ్ళకు పాకి మొత్తం కరెంటు పోయింది, 17 గంటలు. కరెంటుతో నడిచే పంపు ఒక్కటీ తిరగలేదు. అప్పుడు ఆదుకున్నది ఏమిటంటే స్టీమ్ జనరేటర్లు రియాక్టర్ కన్నా ఎత్తులో ఉండటం. వేడి భారజలం తేలికై పైకెక్కింది, అక్కడ చల్లబడి బరువై కిందికి దిగింది, మళ్ళీ వేడెక్కి పైకి. మీ మేడ మీద సోలార్ వాటర్ హీటర్ ఉంటే చూడండి, ట్యాంకు పైన, గాజు గొట్టాలు కింద, మోటార్ లేకుండా నీళ్ళు వాటంతట అవే తిరుగుతాయి, అచ్చం ఆ సూత్రమే. స్టీమ్ జనరేటర్లలో నీళ్ళు అయిపోకుండా మంటలార్పే డీజిల్ పంపులతో నీళ్ళు పోశారు. ఎవరికీ రేడియేషన్ తగల్లేదు, ఇంధనం చెడలేదు. తప్పు జరిగిన చోటే డిజైన్ గట్టిగా నిలబడిన సందర్భం ఇది, తప్పు జరిగిందన్న సంగతినీ దాయక్కర్లేదు. కొత్త 700 మెగావాట్ల డిజైన్‌లో ఈ పనికోసం విడిగా పంపుల్లేని ఏర్పాటే పెట్టారు. కాక్రాపార్‌లో మూడో యూనిట్ 2023లో, నాలుగోది 2024లో కమర్షియల్‌గా మొదలయ్యాయి.

మరి బాధలేమిటి? ఒకటి, గొట్టాలు వందల్లో ఉంటే కీళ్ళూ వందల్లోనే, లీకులకు చోటు ఎక్కువ. 2016 మార్చి 11న కాక్రాపార్ మొదటి యూనిట్‌లో ఒక గొట్టం చిల్లి భారజలం కారింది, ఫుకుషిమాకు సరిగ్గా ఐదేళ్ళకు, అదే తారీఖున. యూనిట్ ఆపేశారు, బాగుచేయడానికి ఏళ్ళు పట్టింది. రెండు, భారజలంలో న్యూట్రాన్లు పడి ట్రిటియం తయారవుతుంది, అది నీళ్ళలో నీళ్ళుగా కలిసిపోయే రేడియోధార్మిక హైడ్రోజన్, ఫిల్టర్ పెట్టి తీసేసేది కాదు. పరిమితుల్లోనే వదులుతారు, కానీ సాగర్ వెనక నీళ్ళే పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి హైదరాబాద్‌కు తాగడానికి పంపుతున్నారు కాబట్టి ఈ లెక్క మన దగ్గర కైగాలో కన్నా పది రెట్లు గట్టిగా అడగాలి. మూడు, గొట్టాల్లో నీళ్ళు ఒక్కసారిగా ఆవిరైతే ఇందులో పవర్ కాస్త పెరిగే గుణం ఉంది. 1986లో చెర్నోబిల్‌ను ముంచింది ఈ గుణమే, అక్కడ న్యూట్రాన్ల వేగం తగ్గించే గ్రాఫైట్‌తో కలిసి చాలా తీవ్రంగా ఉండేది, ఇక్కడ నెమ్మది, పైగా ఆపడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వేగమైన పద్ధతులు పెడతారు. మా బావకు ఈ మూడో సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నా, తర్వాత ఎవరో చెబితే నా మాట మొత్తం నమ్మడని చెప్పేశా.

సోడియం సంగతి. ఇంటర్‌లో ల్యాబ్‌కు పోయినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సీసాలో కిరోసిన్, అందులో మునిగిన సోడియం ముక్క, సార్ చాకుతో వెన్నలా కోసి గింజంత నీళ్ళలో వేస్తే బుస్సుమని పరుగెత్తి అంటుకునేది. ఆ లోహాన్ని కరిగించి టన్నుల కొద్దీ తిప్పే రియాక్టర్ కల్పాక్కంలో ఉంది, 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్, అంటే నడుస్తూనే కొత్త ఇంధనం పుట్టించే రకం. ఎందుకంత సాహసం అంటే సోడియం వేడిని నీటికన్నా చాలా బాగా లాక్కుంటుంది, 98 డిగ్రీల దగ్గర కరిగి 883 దగ్గరగానీ మరగదు, కాబట్టి 550 డిగ్రీల దాకా వెళ్ళినా ప్రెషర్ పెట్టక్కర్లేదు. పగిలి పేలే భయం లేదు, కరెంటు పోతే ఆ పెద్ద తొట్టే వేడిని చాలాసేపు మోస్తుంది, గాలికి వదిలేసే గొట్టాలూ ఉంటాయి. నా కొలబద్దలో నిజానికి బాగా పాసయ్యే రకం. కానీ చివరికి ఆవిరి తయారు చేయాలి కదా, ఎక్కడో ఒకచోట పలచటి గోడకు ఇటు సోడియం, అటు నీళ్ళు. ఆ భయంతోనే మధ్యలో ఇంకో సోడియం చుట్టు పెడతారు, ఖర్చు అక్కడే పెరుగుతుంది. 1995లో జపాన్ మోంజులో థర్మామీటర్ పెట్టిన చోట చీలి సోడియం కారి అంటుకుంది, ఆ రియాక్టర్ ఆ తర్వాత సరిగా నడవనే లేదు. రష్యా వాళ్ళు 1980 నుంచి ఒకటి నడిపిస్తున్నారన్నది కూడా నిజమే. దేశానికి అవసరం కావచ్చు, ఊరి పక్కన పెట్టుకునే వస్తువు మాత్రం కాదని నా అభిప్రాయం.

గ్యాస్ రకం నాకు ఇష్టమైనది, మన అంగట్లో దొరకనిది. బ్రిటన్‌లో కార్బన్ డయాక్సైడ్‌తో చల్లబరిచేవి దశాబ్దాలుగా నడిచాయి. చైనాలో షిడావోవాన్ దగ్గర హీలియంతో చల్లబరిచేది 2023 డిసెంబర్‌లో కమర్షియల్‌గా మొదలైంది. ఇంధనం టెన్నిస్ బంతులంత గోళాల్లో ఉంటుంది, హీలియం వాటి మధ్యగా పోయి 750 డిగ్రీలతో బయటికొస్తుంది. అదే ఏడాది రియాక్టర్ నడుస్తుండగానే చల్లబరచడం కావాలని ఆపేసి చూశారు, ఎవరూ ముట్టుకోకుండానే వేడి గోడల గుండా పోయి చల్లారింది. ఎందుకంటే ఒక్కో కుండ చిన్నది, పొడుగ్గా సన్నంగా ఉంటుంది, రెండు కుండలు కలిపినా వచ్చేది 210 మెగావాట్లే. పెద్ద కాగులో అన్నం గంటల తరబడి పొగలు కక్కుతుంది, పళ్ళెంలో ఆరబోస్తే ఐదు నిమిషాలు, ఆ కిటుకే. ఖర్చు మాత్రం యూనిట్ కరెంటుకు ఎక్కువ.

సీసంతో, కరిగిన ఉప్పుతో చల్లబరిచేవి కూడా ఉన్నాయి. సీసం నీళ్ళతో గొడవ పడదు, కానీ 327 డిగ్రీల కిందికి వస్తే గొట్టాల్లోనే గడ్డకడుతుంది. ఉప్పు రకం అమెరికాలో 1960ల్లోనే ఓక్‌రిడ్జ్‌లో నడిచి ఆగిపోయింది. ఇవి చదవడానికి బాగుంటాయి, ఎంచుకునే జాబితాలో పెట్టను.

ఇక చిన్న మాడ్యులర్ రియాక్టర్లు (ఎస్ఎమ్ఆర్‌లు), ఫ్యాక్టరీలో భాగాలుగా చేసి తెచ్చి బిగించేవి. యూట్యూబ్‌లో ఎవరిని చూసినా వీటి గురించే. 2025 బడ్జెట్‌లో కేంద్రం 20 వేల కోట్లు కేటాయించి 2033 నాటికి కనీసం ఐదు నడిపిస్తామంది. చిన్నవి కాబట్టి మిగిలే వేడి తక్కువ, పంపు లేకుండా చల్లబరచడం తేలిక, అంతవరకు నిజమే. కానీ చిన్నది అన్నది రకం కాదు, సైజు. లోపల ప్రెషర్ నీళ్ళా, భారజలమా, గ్యాసా అని అడగకుండా "ఎస్ఎమ్ఆర్ అయితే సేఫ్" అనడం, బండి చిన్నదైతే బ్రేకులు మంచివే అన్నట్టు. మన దగ్గర "భారత్ స్మాల్ రియాక్టర్" అంటున్నది 220 మెగావాట్ల భారజలం డిజైనే, అంటే పాత చుట్టమే కొత్త చొక్కాతో. మిగతావి ఇక్కడ ఒక్కటీ నడవకముందే మహబూబ్‌నగర్ జిల్లాలో భూముల రేట్లు మాట్లాడేవాళ్ళను చూస్తే ఆలు లేదు చూలు లేదు సామెతే.

ఇప్పుడు చెరువుల సంగతి. ఏ ప్లాంటైనా పుట్టిన వేడిలో కొంతే కరెంటవుతుంది, నీళ్ళ రియాక్టర్లలో అది మూడో వంతు, భారజలం రకంలో ఇంకాస్త తక్కువే. మిగతాది కండెన్సర్ గుండా నీళ్ళలోకి పోవాల్సిందే. బొగ్గు ప్లాంటులో కొంత వేడి చిమ్నీ నుంచి పోతుంది, ఇక్కడ ఆ దారీ లేదు, కాబట్టి యూనిట్ కరెంటుకు అణు ప్లాంటే ఎక్కువ నీళ్ళు అడుగుతుంది. టవర్ పెడితే యూనిట్ కరెంటుకు రెండు నుంచి మూడు లీటర్లు ఆవిరై పోతాయి. రెండున్నర అనుకుని లెక్క కట్టా: 700 మెగావాట్లు ఏడాదంతా నడిస్తే అర టీఎంసీకి కాస్త పైన. నాలుగు యూనిట్లంటే రెండు టీఎంసీలు దాటుతుంది. సాగర్ పూర్తి నిల్వ 312 టీఎంసీలు, దాని ముందు ఇది చిన్నదే అంటారు, నేనూ ఒప్పుకుంటా, వానలు పడిన ఏడాది.

టవర్ లేకుండా రిజర్వాయర్ నీళ్ళనే లోపలికి లాగి వేడిగా వదిలేస్తే ఆవిరి నష్టం తక్కువ, కానీ ఒక్క యూనిట్‌కే పన్నెండు వందల క్యూసెక్కులకు పైనే తిరగాలి. సాగర్ ఎడమ కాలువ పూర్తి సామర్థ్యం 11 వేల క్యూసెక్కులు, అందులో పదో వంతుకు పైగా ఒక్క యూనిట్‌కు. నీళ్ళు వెనక్కి వస్తాయి, ఎనిమిది పది డిగ్రీలు వేడెక్కి. ఫ్రాన్స్‌లో 2003లో, మళ్ళీ 2022లో ఎండలకు నదులు కాగిపోతే రియాక్టర్ల ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. మే నెల నల్గొండ ఎండ వాళ్ళు చూడలేదు. సముద్రం ఒడ్డున ఈ తలనొప్పి లేదు, అక్కడ ఇంకోటి, 2013లో స్వీడన్ ఒస్కార్షమ్‌లో జెల్లీఫిష్ గుంపు గొట్టాల్లో ఇరుక్కుని రియాక్టర్ ఆపేశారు.

వేడి ఎక్కువ ఉన్న రకాలు, అంటే సోడియం, హీలియం, 40 శాతం దాకా కరెంటుగా మారుస్తాయి. అదే కరెంటుకు కండెన్సర్‌లోకి పోయే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. నీళ్ళు తక్కువున్న పాలమూరు లాంటి చోట లెక్క ప్రకారం ఇవే నయం. కాకపోతే ఒకటి ఊరి పక్కన వద్దన్నాను, ఇంకోటి మన దేశంలో లేదు.

అందుకే బావకు చెప్పింది ఇది. సముద్రం ఒడ్డు అయితే, నెత్తిన ట్యాంకో గాలికి చల్లబడే ఏర్పాటో ఉన్న కొత్త తరం ప్రెషర్ నీటి రియాక్టర్. పెద్ద రిజర్వాయర్ పక్కన అయితే 700 మెగావాట్ల భారజలం రకం, టవర్లతో, ఒకటో రెండో యూనిట్లు, నాలుగు కాదు. లోపల ఉన్న మహబూబ్‌నగర్, నారాయణపేట దిక్కు అయితే ఇప్పుడు దొరికే వాటిలో ఏదీ వద్దు, ఆ ఎండకు సోలార్ పెట్టుకోవడమే తెలివి. పాత మరిగే నీటి రకం, సోడియం రకం ఎక్కడైనా నా ఓటు లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేసినప్పుడు "అణు వద్దు" అని అరిస్తే రాసుకుని పోతారు. దాని బదులు అడగాల్సినవి ఉన్నాయి. మొత్తం కరెంటు పోతే ఎవరూ ముట్టుకోకుండా ఎన్ని గంటలు? వాడేసిన ఇంధనం తొట్టిలో కూడా వేడి ఉంటుంది, దానికి నీళ్ళు ఎక్కడి నుంచి? ట్రిటియం లెక్క ఎవరు తీస్తారు, నెలనెలా గోడ మీద పెడతారా? రియాక్టర్ ఆగాక చల్లబరచడానికి కావలసిన నీళ్ళు రిజర్వాయర్‌తో సంబంధం లేకుండా ప్లాంటులోనే ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉంటాయి?

బావ అంతా విని, గ్లాసు కింద పెట్టి అడిగిన మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. "సాగర్ 510 అడుగులకు దిగిన ఏడాది మా కాలువకు నీళ్ళు బంద్ చేస్తరు. అప్పుడు వాళ్ళ టవర్లకు కూడా బంద్ చేస్తరా, మాకు మాత్రమేనా?" రియాక్టర్ ఆపేసినా చల్లబరచడం ఆపలేరు కాబట్టి నీళ్ళలో మొదటి వంతు ఎప్పుడూ వాళ్ళదే అవుతుంది బావా అన్నా. "మరి గది ముందు చెప్పాలె గదా" అని బండి స్టార్ట్ చేయమన్నాడు.